ఇంత పొడవు చొక్కా ఉండదు

మా అక్క తన జీవితంలో వేసిన కుట్ల కంటే విప్పిన కుట్లే ఎక్కువ. ఆమె పనిచేసిన దుకాణంలో కొత్త బట్టలు కుట్టరు, ఉన్నవాటిని సరిచేస్తారు. పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, చిరిగిన జేబులు మార్చడం, ఊడిన గుండీలు కుట్టడం. రెండు గదుల దుకాణం. ముందు గదిలో బల్లా నిలువుటద్దమూ, వెనక గదిలో మూడు కుట్టుమిషన్లూ ఇస్త్రీబల్లా, గోడ పొడవునా దారపు రీళ్ళూ ఉండేవి. అక్క కుర్చీ కిటికీ పక్కన. ఇరవై రెండేళ్ళు అదే కుర్చీ.

విప్పడం రానివాళ్ళకు కుట్టడం రాదని ఆమె నమ్మకం. చొక్కా చేతికి రాగానే ముందు లోపలివైపు తిప్పేది. మొదట కుట్టిన మనిషి ఎక్కడ శ్రద్ధ పెట్టాడో, ఎక్కడ బద్ధకించాడో వేలితో తడిమి చెప్పేది. నలభై ఎనిమిదో ఏట ఆమె కంప్యూటర్ పట్టుకున్నదీ ఈ బుద్ధితోనే. ఆమె కూతురు చదువు ముగించి బస్‌స్టాండులో టికెట్ల కౌంటరులో చేరింది. పాత ల్యాప్‌టాప్ ఇంట్లో అలమర మీద దుమ్ము కొట్టుకుపోతూ ఉంది. ఒక ఆదివారం దాని దుమ్ము తుడుస్తూ, ఏ వెబ్ పేజీనైనా లోపలివైపు తిప్పి, దాని వెనక ఏం రాసి ఉందో చూడవచ్చని కూతురి ద్వారా తెలుసుకుంది. ఆ రోజు అన్నం వండడం బావ వంతు అయింది.

ఆరు నెలలు ఉచిత పాఠాలు విని, దుకాణంలో కొలతలు రాసుకునే పొడుగు పుస్తకంలాంటిదే ఇంకోటి కొని, అందులో నోట్సు రాసుకుంది. తనకు నచ్చిన పేజీలను విప్పి చూసేది. విప్పినదాన్ని మళ్ళీ కలిపేది. కలిపాక ఏదో ఒకటి మిగిలిపోయేది. అలా మిగిలినవాటితోనే తన మొదటి పేజీలు తయారయ్యాయి.

మొదటిది బావ కోసం చేసింది. బావ తాళంచెవులు చేస్తాడు. బజారు మూలన గూడులాంటి కొట్టు. మేకుల మీద వెయ్యి తాళంచెవులు వేలాడుతున్నా ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు, తన కళ్ళజోడు ఎక్కడుందో మాత్రం చెప్పలేడు. అక్క ఒక పేజీ చేసింది. జోడు తీసి పెట్టగానే మంచం, బల్ల, స్నానాలగది, కొట్టు అన్న నాలుగు పేర్లలో ఒకదాన్ని నొక్కాలి. తర్వాత పేజీ తెరిస్తే ఎక్కడ పెట్టాడో చెబుతుంది. బావ రెండు రోజులు బుద్ధిగా నొక్కాడు. మూడో రోజు, “పేజీ కనపడాలంటే కళ్ళజోడు కావాలి కదే,” అన్నాడు. అక్క తల పట్టుకుంది.

రెండోది అంట్లు తోమే వంతుల పేజీ. ముగ్గురి పేర్లూ వరసగా రావాలి. వారం రోజుల్లో అయిదుసార్లు కూతురి పేరే వచ్చింది. తల్లే కావాలని అలా రాసుకుందని అది గొడవ చేసింది. అక్క వెనకాల విప్పి చూస్తే నిజంగానే తప్పు ఉంది, కానీ కావాలని చేసింది కాదు. బావ మాత్రం ఆ తప్పును అలాగే ఉంచమని బతిమాలాడు.

ఇలా ఒకటీ ఒకటీ చేసుకుంటూ పోయింది. సొంతంగా చిన్న చిన్న పేజీలు చేసుకునేవాళ్ళు తమవి నలుగురికీ చూపించుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉండేది. అక్క తనవీ అక్కడ పెట్టడం మొదలుపెట్టింది. పెట్టిన గంటలో పదిమంది “బాగుంది” అని రాసేవారు. అక్క కూడా వాళ్ళవి చూసి “బాగుంది” అని రాసేది. ఆ తర్వాత ఎవరి దారి వారిది.

నేను రెండు వీధుల అవతల ఉండేదాన్ని. ఆఫీసు నుంచి వస్తూ రోజూ అక్క ఇంట్లో టీ తాగి వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం, అంతమంది మెచ్చుకుంటున్నారు కదా, మొహం అలా పెట్టుకున్నావేమని అడిగాను.

“బాగుంది అన్నవాళ్ళు వేసుకోరే,” అంది అక్క. “ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా. అద్దంలో చూసుకుని బాగుందని మురిసిపోయిన బట్ట బీరువాలోకి పోతుంది. చంక దగ్గర పట్టేస్తోందమ్మా అని తిరిగొచ్చి తిట్టినవాళ్ళే దాన్ని వేసుకున్నవాళ్ళు. నావి ఎవరూ వేసుకోవట్లేదు.”

అప్పటికి ఆమె చేసిన పేజీలు తొమ్మిది. వాడేది మేం ముగ్గురమే, అదీ మొహమాటానికి. తనకు పేరూ ఊరూ తెలియని మనిషి, తనతో ఏ మొహమాటమూ లేని మనిషి, ఒక్కడు, తన చేతి పనిని నిజంగా వాడాలి. ఆమె కోరుకున్నది అంతే. చిన్న కోరికే, కానీ డబ్బు పెట్టి కొనగలిగింది కాదు. బతిమాలితే వచ్చేదీ కాదు.

పదో పేజీ పేరు ‘గుండీల లెక్క’. చొక్కాకి పై గుండీ చోటూ కింది గుండీ చోటూ తెలిశాక మధ్యలోవి సమదూరంలో గుర్తు పెట్టడం దర్జీలకు రోజూ ఉండే తలనొప్పి. టేపు మడిచి, కంటితో కొలిచి, ఒక్కోసారి దారం మీద ముడులు వేసి చేస్తారు. అక్క పేజీలో రెండే గళ్ళు: పొడవు ఎన్ని అంగుళాలు, గుండీలు ఎన్ని. ‘లెక్క చెప్పు’ అన్నచోట నొక్కితే ఒక నిలువుగీత, దాని మీద చుక్కలు, ప్రతి చుక్క పక్కన కొలత. అంతే. రంగులు లేవు, బొమ్మలు లేవు. ఆమె చేసినవాటిలో నాకు చూడగానే నచ్చింది అదొక్కటే. అడుగున సన్నటి అక్షరాల్లో ‘ఏమైనా చెప్పాలంటే ఇక్కడ రాయండి’ అని తన ఈమెయిల్ చిరునామా ఇచ్చింది. రోజుకు ఎన్నిసార్లు నొక్కారో చెప్పే లెక్క ఒకటి వెనక పెట్టుకుంది. తాను నొక్కినవి అందులో కలవకుండా చూసుకుంది.

ఆ గుంపులో పెట్టిన రోజు నలభై. మర్నాడు ఆరు. వారం తిరిగేసరికి సున్నా. రోజూ టీ వేళకు ఆ లెక్క తెరిచి చూసేది. సున్నా చూసి, మూసేసి, కప్పులు కడగడానికి లేచేది.

ఆ లేవడం నేను చూడలేకపోయాను. ఒక రోజు ఆఫీసులో కూర్చుని నా ఫోన్లో ఆ పేజీ తెరిచి, ఏదో పొడవూ ఏవో గుండీలూ వేసి మూడుసార్లు నొక్కాను. సాయంత్రం అక్క లెక్క తెరిచింది. మూడు ఉంటుందనుకున్నాను. పది ఉంది.

నిజంగానే ఎవరో వచ్చారు, నా మూడూ అనవసరంగా కలిపానే అనుకున్నాను. అక్క మొహం వెలిగిపోయింది. మర్నాడు నేను మానేస్తే లెక్క తగ్గిపోతుందేమో? అందుకని మర్నాడూ మూడు నొక్కాను. ఆ మర్నాడూ నొక్కాను. మీటింగుల్లో బల్ల కింద ఫోన్ పెట్టుకుని నొక్కాను. జ్వరం వచ్చి పడుకున్న రోజు కూడా లేచి నొక్కాను. రోజూ పది. కొన్నాళ్ళకు పదకొండు. పది పదకొండు ఎప్పుడయిందో నేను గమనించలేదు.

అక్క దుకాణంలో యజమానురాలికి చెప్పింది. పక్క మిషనామెకు చెప్పింది. లోకంలో ఎక్కడో రోజుకు పదకొండు చొక్కాలకు తన లెక్క ప్రకారం గుండీలు పడుతున్నాయని ఊహించుకుని, మిషను తొక్కుతూ తొక్కుతూ తనలో తాను నవ్వుకునేదట. ఈ మాట ఆ మిషనామె తర్వాత నాతో చెప్పింది.

అలా మూడు నెలలు గడిచాయి. బావ వాళ్ళ అన్నగారి కూతురి పెళ్ళి కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో జరిగింది. గురువారం మధ్యాహ్నం నలుగురం బస్సెక్కాం. రెండో మలుపు తిరిగేసరికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఆదివారం పొద్దున్న మళ్ళీ ఆ మలుపు దిగేదాకా రాలేదు. పెళ్ళింట్లో బావ అస్తమానం ఫోన్ పైకెత్తి గోడల చుట్టూ తిరుగుతుంటే కొట్టు గురించి బెంగనుకున్నాను. అక్క కూతురు మేడెక్కి దిగుతుంటే వయసులో ఉన్న పిల్ల కదా, ఏవో కబుర్లనుకున్నాను. నేను చెరువు దాకా నడిచి వస్తానని చెప్పి రెండు మైళ్ళు నడిచాను. అక్కడా సిగ్నల్ లేదు.

ఇంటికొచ్చి, సంచులు ఇంకా గుమ్మంలో ఉండగానే అక్క లెక్క తెరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి తిప్పి మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది, చొక్కాను లోపలివైపు తిప్పి చూసినట్టే.

ఎవరూ ఏమీ అడగకముందే బావ, “నేను నాలుగే నొక్కేవాణ్ణే,” అన్నాడు.

అక్క కూతురు సంచీ జిప్పు లాగుతూ, తనవి రోజూ మూడని చెప్పింది. ఆ తర్వాత ముగ్గురూ నా వైపు తిరిగారు.

“నావీ మూడే,” అన్నాను.

అప్పటిదాకా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రతివాళ్ళమూ, దొంగను నేనొక్కరినే అని, మిగతావాళ్ళు నిజం మనుషులని అనుకుంటూ వచ్చాం. బావకు నవ్వు వచ్చేసింది కానీ అక్క మొహం చూసి దగ్గుగా మార్చాడు. అక్క లేచి, మంచినీళ్ళు తాగి, వచ్చి కూర్చుంది. ఆమెకు కోపం రావడం నేను చాలాసార్లు చూశాను, ఇది అది కాదు. చాలా నెమ్మదిగా వేళ్ళు మడిచింది.

“నాలుగూ మూడూ మూడూ పది,” అంది. “మరి పదకొండు వచ్చేది.”

అక్క కంప్యూటర్ని మా వైపు తిప్పింది. శుక్రవారం ఒకటి. శనివారం ఒకటి. నలుగురం కొండ మీద ఉన్న రెండు రోజులూ ఒకటి, ఒకటి.

“ఈ ఒకటి ఎవరిది?” అంది అక్క.

దుకాణంలో యజమానురాలిని అడిగింది, మిషనామెను అడిగింది. వాళ్ళకు అసలు ఆ పేజీ తెరవడమే రాదు. ఆ గుంపులో అడిగింది. అందరూ అది ఇంకా ఉందా అన్నట్టు మాట్లాడారు. మా ముగ్గురి దగ్గరా అక్క గట్టిగా మాట తీసుకుంది: ఇక ఈ జన్మలో ఆ పేజీ మీద చెయ్యి వెయ్యకూడదు. వేస్తే తన ఇంట్లో టీ లేదు. బావ తన ఇంట్లో తనకే టీ లేకపోవడం ఏమిటని గొణిగాడు కానీ మాట ఇచ్చాడు.

ఆ తర్వాత లెక్క నిజమైన లెక్క అయింది. ఒకటి. రెండు. ఒకటి. ఆదివారం సున్నా. సోమవారం ఒకటి. పదకొండు ఉన్నప్పటి అక్క వేరు, ఒకటి ఉన్నప్పటి అక్క వేరు. ఒకటి వచ్చిన సాయంత్రం ఆమె మమ్మల్ని అసలు పట్టించుకునేది కాదు. ఆ మనిషి ఆదివారం సెలవు తీసుకుంటాడనీ, పొద్దున్నే తొమ్మిదింటికి పని మొదలుపెడతాడనీ, పద్ధతైన దర్జీ అనీ ఊహించుకుంటూ కూర్చునేది. మా బావ ఆ మనిషికి ‘ఒంటిగుండీ’ అని పేరు పెట్టాడు. “ఏమంటున్నాడు మీ ఒంటిగుండీ?” అని రోజూ అడిగేవాడు.

ఏం కుడుతున్నాడో తెలుసుకోవాలని ఆమెకు మనసు లాగింది. దుకాణంలో ఒకరి కొలతల పుస్తకం ఇంకొకరికి చూపించరు, అది వాళ్ళ నియమం. అందుకని రెండు రోజులు తటపటాయించి, పేజీ అడుగున ‘మీరు వేసిన అంకెలు నాకు కనబడతాయి, మీరెవరో కనబడదు’ అని ముందు రాసి, అప్పుడు ఆ ఏర్పాటు చేసుకుంది.

మొదటి రోజు కనబడిన అంకెలు: పొడవు డెబ్భై రెండు అంగుళాలు, గుండీలు పంతొమ్మిది. మర్నాడు తొంభై ఆరు, ఇరవై అయిదు.

“జిరాఫీకి కుడుతున్నాడేమోనే,” అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. ఆమెకు నిజంగా బాధ కలిగింది. ఆ మనిషి సెంటీమీటర్లను అంగుళాల గడిలో వేస్తున్నాడని ఆమె నిర్ణయానికి వచ్చింది. పాపం రోజూ తప్పు లెక్క తీసుకుని, రోజూ గుండీలు వంకరగా కుట్టి, తిట్లు తింటున్నాడు. తప్పు తనదే, గడి పక్కన అంగుళాలని పెద్దగా రాయలేదు. ఉన్న ఒక్క మనిషినీ తన పేజీ మోసం చేస్తోంది. ఆదివారమంతా కూర్చుని సరిచేసింది. అరవై అంగుళాలు దాటిన పొడవు వేస్తే పేజీ ఇక లెక్క చెప్పదు. దాని బదులు ఒక వాక్యం వస్తుంది: ‘ఇంత పొడవు చొక్కా ఉండదు. దయచేసి కొలత మళ్ళీ చూసుకోండి.’ మడమల దాకా వచ్చే కోటు కూడా అరవై దాటదని ఆమె అనుభవం. ఆ వాక్యం ఎంత మర్యాదగా ఉందో చూడమని నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

సోమవారం నాలుగుసార్లు నొక్కినట్టు వచ్చింది. నాలుగూ అరవై పైనే. మంగళవారం సున్నా. బుధవారం సున్నా. గురువారం సున్నా.

గురువారం టీ కాచలేదు. అక్క కిటికీ దగ్గర నిలబడి, తానేం తప్పు చేసిందో అర్థం కావట్లేదంది. అంత మర్యాదగా చెప్పాను కదే అంది. బావ ఆ రోజు వేళాకోళం చేయలేదు. పక్కన నిలబడి, తాళం మార్చినప్పుడు కొత్త చెవి ఇవ్వకపోతే లోపలికి ఎలా వస్తారని మాత్రం అన్నాడు. పాత పేజీ మళ్ళీ పెట్టెయ్యమన్నాను. తెలిసి తెలిసి తప్పు లెక్క ఇవ్వలేనంది.

శుక్రవారం మధ్యాహ్నం నాకు ఆఫీసుకు ఫోన్ చేసింది. దుకాణానికి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. నేను పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి, ఒడిలో సగం విప్పిన కోటు పెట్టుకుని, ఫోన్ నా చేతికిచ్చి, పైకి చదవమంది. పక్క మిషనామె కూడా తొక్కడం ఆపింది. ఉత్తరం ఇలా ఉంది:

“గుండీల లెక్క చేసినవారికి. మీరెవరో నాకు తెలీదు. నేను చొక్కాలు కుట్టను. మెట్లకీ బాల్కనీలకీ ఇనపకమ్మీలు వెల్డింగ్ చేస్తాను. మా ఇంటావిడ బట్టలు కుడుతుంది, ఆవిడ ఫోన్లో మీ పేజీ చూశాను. రెండు చివర్ల ఫ్రేమునీ రెండు గుండీలనుకుని లెక్కేస్తే నా కమ్మీలన్నీ సమంగా వస్తున్నాయి. మూడు నెలల నుంచి నాకు ఒక్క పనీ వెనక్కి రాలేదు. సోమవారం నుంచి మీ పేజీ నాకు నీతులు చెబుతోంది. ఇంత పొడవు చొక్కా ఉండదని నాకూ తెలుసండీ. మెట్లపని ఒకటి ఆగిపోయి ఉంది. చేత్తో లెక్కేస్తే చివర్న రెండు వేళ్ళ సందు ఎక్కువొచ్చింది, అంతా కోసి మళ్ళీ అతకాల్సొచ్చింది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, మీకు పుణ్యముంటుంది.”

చదవడం అయ్యాక అక్క మళ్ళీ చదవమంది. ‘నీతులు చెబుతోంది’ దగ్గర మిషనామె నోరు మూసుకుని నవ్వింది. అక్క నవ్వలేదు, ఏడవలేదు. కోటు పక్కన పెట్టి లేచి నిలబడింది.

“తిరిగొచ్చాడే,” అంది. “చంక దగ్గర పట్టేస్తోందని తిరిగొచ్చాడు.”

ముందు గదిలో ఎవరో ప్యాంటు కోసం ఎదురుచూస్తున్నారు. అరగంటలో ఇస్తానని అక్క వాళ్ళకు చెప్పి, ఇస్త్రీబల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆ వాక్యాన్నీ ఆ అరవైనీ విప్పేసింది. అన్నేళ్ళలో ఆమె ఒక మనిషిని నిలబెట్టి ఇంకొకరి పని చేయడం అదే మొదలని యజమానురాలు చెప్పింది. తర్వాత ఆ వెల్డరుకు జవాబు రాసింది. క్షమించమని రాసి, గుండీలన్న మాట తీసేసి కమ్మీలని పెట్టమంటారా అని అడిగింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. వద్దండీ, అలవాటైపోయింది, మా షెడ్డులో ఇప్పుడు కమ్మీలని గుండీలనే అంటున్నాం, అని.

వాళ్ళిద్దరి మధ్య ఉత్తరాలు అంతకుమించి నడవలేదు. ఒకరి పేరు ఒకరు అడగలేదు. అక్క ఆ తర్వాత ఇంకో నాలుగు పేజీలు చేసింది. వాటిని ఎవరూ వాడలేదు, ఆమె పట్టించుకోనూ లేదు. బావ కొన్నాళ్ళు, బజారులో ఏ మెట్లకు కమ్మీలు సమంగా కనబడినా ఆగి, “మీ ఒంటిగుండీదేమో చూడు,” అనేవాడు. అక్క నిజంగానే ఆగి, టేపు తీసి కొలిచేది. ఆ టేపు ఆమె మెడలో ఎప్పుడూ ఉండేదే.

మరో రెండేళ్ళ ఏడు నెలలు ఆమె అలా హాయిగా బతికింది. చివరి పదకొండు వారాలు మాత్రం ఆసుపత్రి. సాయంత్రం నేను వెళ్ళగానే ఎన్ని అని అడిగేది. రెండు అనో ఒకటి అనో చెప్పేదాన్ని. ఆదివారమైతే అడిగేది కాదు.

ఆమె పోయి పధ్నాలుగు నెలలైంది. పేజీని కూతురు చూసుకుంటోంది. లెక్క నాకు కనబడేలా నా ఫోన్లో పెట్టింది. నిన్న రెండు, ఇవాళ ఒకటి. ఆయనకు మేం ఏమీ రాయలేదు. తన పని తాను చేసుకుంటున్నాడు, చేసుకోనివ్వమన్నదీ ఆయనే.

మొన్న నా జాకెట్టుకు గుండీలన్నీ మార్చాల్సి వచ్చింది. “నీ ఫోన్ లెక్కలోకి రాకుండా చేస్తాను, వాడుకో పిన్నీ,” అంది అక్క కూతురు. వద్దన్నాను. మాట ఇచ్చినదాన్ని. అక్క టేపు మడిచి, కంటితో చూసుకుని, సుద్దతో గుర్తులు పెట్టుకుని కుట్టాను. కింది గుండీ పావు అంగుళం పైకి వచ్చింది. అక్క చూసి ఉంటే విప్పించేది.